వ్యాక్స్, ఆల్ఫా, ఇటానియం: ఒక బెర్తు సంఖ్య చేసిన ప్రయాణం

రైలు టికెట్టు మీద అచ్చయిన బెర్తు సంఖ్యకూ, కంపైలరు అనే కంటికి కనబడని వస్తువుకూ ఏమిటి సంబంధమని అడిగితే చప్పున జవాబు తోచదు. బ్లాగ్మిత్రులలో సాఫ్టువేరు వృత్తిలో ఉన్నవారు చాలామందే. కంపైలరంటే ఏమిటో వారికి నేను చెప్పవలసినది లేదు. అయితే మన కంప్యూటర్ల చరిత్ర రాసేవారు సాధారణంగా యంత్రాల పేర్లూ, ప్రారంభోత్సవాల తేదీలూ రాసి ఊరుకుంటారు. యంత్రం మారినప్పుడు అదే ప్రోగ్రాము కొత్త యంత్రం మీద మునుపటి అర్థంతోనే నడవడానికి వెనుక ఎంత పని జరిగిందో రాయరు. ఆ సంగతిని, మన దేశంలో అందరూ ఎప్పుడో ఒకప్పుడు వాడిన ఒక ప్రోగ్రామును ఆధారం చేసుకొని, కొంత వివరంగా చెప్పాలని ఈ టపా. ఆ ప్రోగ్రాము రైల్వే రిజర్వేషను.

ముందుగా ఒక చిన్న మనవి. మాది కాసిపేట, కాజీపేట కాదు. కాజీపేట వరంగల్లు పక్కనున్న పెద్ద జంక్షను. కాసిపేట మంచిర్యాల జిల్లాలో, 2016కు పూర్వం ఆదిలాబాదు జిల్లాలో, సింగరేణి వారి బొగ్గు బాయి, దేవాపూరు సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న మండలం. మాకు రైలంటే బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల. రెండు ఊళ్ళ పేర్లకూ తేడా ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరాన్ని మార్చడానికి ఒకానొక యంత్రం ఎంత పని చేయవలసి వచ్చిందో ముందు ముందు చూద్దాం.

కంప్యూటర్లు రాకముందు రిజర్వేషను అంటే లెడ్జరు. ఫలానా బండికి, ఫలానా తేదీకి ఒక పేజీ. ఆ పేజీ ఏ కౌంటరు దగ్గర ఉంటే ఆ వరుసలోనే నిలబడాలి. ఒక పుస్తకంలో ఒకే క్షణాన ఇద్దరు గుమాస్తాలు రాయలేరు గనుక ఒకే బెర్తు ఇద్దరికి పోయే ప్రమాదం తక్కువ. ఆ భద్రతకు మూల్యం పొడవాటి వరుస. కంప్యూటరు వచ్చి ఏ కౌంటరులోనైనా ఏ బండికైనా టికెట్టు ఇవ్వవచ్చునన్నది. అంటే అనేకమంది గుమాస్తాలు ఒకే పేజీలో ఒకేసారి రాయవచ్చునన్నమాట. అసలు చిక్కంతా ఇక్కడే మొదలయింది.

1985లో సి.ఎం.సి. సంస్థ రైల్వేలతో కలిసి 'ఇంప్రెస్' అనే రిజర్వేషను వ్యవస్థను తయారుచేసి ఢిల్లీలో ప్రారంభించింది. ఐ.బి.ఎం. మన దేశం విడిచి వెళ్ళిన 1978 నాటి నుంచి, వారి యంత్రాల మరమ్మతు బాధ్యతను ఎత్తుకొన్న ప్రభుత్వ సంస్థ ఈ సి.ఎం.సి. ప్రోగ్రాము భాష ఫోర్‌ట్రాన్. యంత్రం డిజిటల్ సంస్థవారి వ్యాక్స్-11/750. దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టం వీ.ఎం.ఎస్. లెక్కల కోసం పుట్టిన ఫోర్‌ట్రాన్ భాషలో ప్రయాణికుల పేర్లు, వయసులు, బెర్తులు రాయడం నేటివారికి వింతగా తోచవచ్చు. నాకు మాత్రం అది తెలివైన ఎంపికగానే కనిపిస్తుంది. ఆనాడు ఆ యంత్రం మీద అన్నిటికన్నా బాగా పదునుపెట్టిన కంపైలరు ఫోర్‌ట్రాన్‌దే.

ఆ పదును ఫోర్‌ట్రాన్‌కు పుట్టుకతో వచ్చింది. 1957లో జాన్ బాకస్ బృందం ఐ.బి.ఎం. 704 కోసం మొదటి ఫోర్‌ట్రాన్ కంపైలరును విడుదల చేసినప్పుడు వారికున్న భయం ఒక్కటే: చేతితో రాసిన యంత్రభాషకన్నా కంపైలరు రాసిన యంత్రభాష మరీ నెమ్మదిగా ఉంటే దీన్ని ఎవరూ ముట్టుకోరని. అందువల్ల భాష సొగసుకన్నా ముందు వేగం గురించి ఆలోచించారు. ఒక ఉదాహరణ నేనే కల్పించి చెబుతాను. స్లీపరు పెట్టెలో 72 బెర్తులు. పెట్టె సంఖ్య, బెర్తు సంఖ్య ఇస్తే ఆ వివరం జ్ఞాపకశక్తిలో ఎక్కడుందో కనుక్కోవడానికి ఒక గుణకారం, ఒక కూడిక కావాలి. 72 బెర్తులూ వరుసగా వెదికే ఆవృత్తిలో అమాయకపు కంపైలరు 72 సార్లు గుణిస్తుంది. తెలివైన కంపైలరు మొదటిసారి మాత్రమే గుణించి, ఆ తరువాత ప్రతిసారీ ఒక స్థిరసంఖ్యను కూడుకొంటూ పోతుంది. ఫలితం అదే, పని తక్కువ. కంపైలరు చేసే మెరుగులన్నీ స్థూలంగా ఇటువంటివే. 'ఫలితం అదే' అన్న మాటే వాటన్నిటికీ షరతు. ఆ మాటకు అర్థం యంత్రాన్ని బట్టి మారుతుందని తరువాత తెలిసింది.

వ్యాక్స్ యంత్రాన్ని రూపొందించినవారు ఈ భారం కొంత కంపైలరు నెత్తి మీద నుంచి దించాలనుకున్నారు. 1977లో వెలువడిన వ్యాక్స్-11/780 ఆదేశాలు ఒక్కొక్కటీ ఒక చిన్న ప్రోగ్రామంత. ఇప్పుడు చెప్పిన బెర్తు చిరునామా లెక్కకు 'ఇండెక్స్' అని ఏకంగా ఒక ఆదేశమే ఉంది: సంఖ్య హద్దుల్లో ఉందో లేదో చూసి, గుణించి, కూడి ఇస్తుంది. కంపైలరు రాసేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ 1980లో పాటర్‌సన్, డిట్జెల్ అనే ఇద్దరు రాసిన వ్యాసంలో ఒక విడ్డూరం బయటపడింది. 11/780 మీద ఆ ఒక్క ఆదేశం బదులు పోల్చడం, గుణించడం, కూడడం వంటి మామూలు ఆదేశాలు కొన్ని విడివిడిగా రాస్తే అదే పని 45 శాతం వేగంగా జరుగుతోంది! అంటే యంత్రం అందించిన వసతిని వాడని కంపైలరే మంచి కంపైలరు. 1984లో ఎమర్, క్లార్క్ కొలిచి చూస్తే ఆ యంత్రంలో ఒక ఆదేశానికి సగటున 10.6 గడియారపు అడుగులు పడుతున్నాయని తేలింది.

దీని మీద పెద్ద వాదమే నడిచింది. సరళమైన ఆదేశాలు చాలు, మిగతాది కంపైలరు చూసుకొంటుందన్నది ఒక పక్షం. దాన్నే 'రిస్క్' అన్నారు. ఐ.బి.ఎం.లో జాన్ కాక్ బృందం 1970లలోనే 801 అనే యంత్రంతో ఈ దారి తొక్కింది. రిజిస్టర్ల పంపకాన్ని పటానికి రంగులు వేసే సమస్యగా మార్చి గ్రెగరీ చైటిన్ పరిష్కరించినది కూడా ఆ పనిలోనే. ఇక 1991లో డిజిటల్ సంస్థవారే, మన దేశంవాడైన దిలీప్ భండార్కర్, ఆయనతో పాటు క్లార్క్, తమ వ్యాక్స్ 8700ను దాదాపు అదే అమరిక కలిగిన మిప్స్ యంత్రంతో పోల్చి, మిప్స్ సగటున 2.7 రెట్లు వేగమని తేల్చారు. ఇంట్లోవారే ఆ లెక్క కట్టి చెప్పాక వాదం ముగిసినట్టే. అప్పటికే ఆ సంస్థ ఆల్ఫా పనిలో ఉంది. 1992లో ఆల్ఫా వచ్చింది.

మన కథకు వస్తే, ఒక్కొక్క కేంద్రంలో విడివిడిగా ఉన్న రిజర్వేషనును కలపడానికి 'క్రిస్' అనే రైల్వే సంస్థ 'కాన్సర్ట్' అనే కొత్త రూపాన్ని రాసింది. సి భాషలో కొంత, ఫోర్‌ట్రాన్‌లో కొంత. అది మొదట అడుగుపెట్టినది మన సికింద్రాబాదులోనే, 1990ల మధ్యలో. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అయిదూ ఒక్కటయ్యాయి. మంచిర్యాలలో నిలబడినవాడు హౌరా నుంచి బయలుదేరే బండికి టికెట్టు కొనగలగడం ఆ కలయిక ఫలమే. ఆ కాలంలోనే వ్యాక్స్ స్థానంలో ఆల్ఫా సర్వర్లు వచ్చాయి. పైన వీ.ఎం.ఎస్. అదే, భాషలు అవే. కిందనున్న నేల మాత్రం మారింది.

ఆల్ఫా కంపైలరు పని ఎటువంటిదో మా ప్రాంతపు పోలికతో చెబుతాను. పాతకాలపు బాయిల్లో హాలేజీ తాడు టబ్బులను లాగుతూనే ఉండేది. ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపేవారు. టబ్బు వచ్చే వేళకు బొగ్గు సిద్ధంగా లేకపోతే టబ్బు ఖాళీగా పోతుంది. తాడు ఆగదు. ఆల్ఫా ప్రాసెసరు తాడు వంటిది. వంద మెగాహెర్ట్జ్ దాటిన గడియారంతో, అడుగుకు రెండేసి ఆదేశాలు స్వీకరించడానికి సిద్ధంగా ఉంటుంది. జ్ఞాపకశక్తి నుంచి తెచ్చే విలువ వచ్చేలోపు మరో పని చేతికి అందేలా ఆదేశాల వరుసను ముందే సర్దిపెట్టడం కంపైలరు బాధ్యత. డిజిటల్ సంస్థ అన్ని భాషలకూ కలిపి 'జెమ్' అనే ఒకే వెనుకభాగాన్ని రాసింది. ఫోర్‌ట్రాన్ వచ్చినా సి వచ్చినా సర్దుబాటు చేసే చేయి అదే. వ్యాక్స్‌లో 16 రిజిస్టర్లు, వాటిలో నాలుగు ముందే కేటాయించినవి; ఆల్ఫాలో పూర్ణసంఖ్యలకు 32, దశాంశాలకు మరో 32. సర్దుకోవడానికి చోటు పెరిగింది.

ఇక ఒక్క అక్షరం సంగతి. తొలి ఆల్ఫాలకు ఒక బైటును నేరుగా జ్ఞాపకశక్తిలో రాసే ఆదేశం లేదు! ఉంచితే గడియారం నెమ్మదిస్తుందని రూపకర్తలు దాన్ని తీసేశారు. కాబట్టి ఒక పేరులో ఒక రోమను అక్షరం మార్చాలంటే, ఆ అక్షరమున్న ఎనిమిది బైట్ల ముక్కను మొత్తం తెచ్చి, పాత అక్షరాన్ని చెరిపి, కొత్తదాన్ని ఆ స్థానానికి జరిపి, రెంటినీ కలిపి, ముక్క మొత్తాన్ని తిరిగి రాయాలి. కాసిపేటను కాజీపేట చేయడానికి వ్యాక్స్‌లో ఒక్క ఆదేశం. ఇక్కడ దాదాపు అయిదు. అయినా మొత్తం మీద ఆల్ఫాయే చాలా వేగం, అది వేరే విషయం.

వేగం సంగతి పక్కన పెట్టి దీని పర్యవసానం చూడండి. ఒక్కొక్క బెర్తు స్థితిని ఒక్కొక్క బైటులో దాచారనుకొందాం. మంచిర్యాల గుమాస్తా 17వ బెర్తు ఇస్తున్నాడు. అదే క్షణాన వరంగల్లు గుమాస్తా 18వది ఇస్తున్నాడు. వ్యాక్స్‌లో ఇద్దరూ వేర్వేరు బైట్లు రాస్తారు, గొడవ లేదు. ఆల్ఫాలో ఇద్దరూ అదే ఎనిమిది బైట్ల ముక్కను తెచ్చుకొంటారు. మంచిర్యాలవాడు తన ముక్కలో 17 మార్చి రాశాడు. మరుక్షణం వరంగల్లువాడు తాను ముందుగా తెచ్చుకొన్న పాత ముక్కలో 18 మార్చి రాశాడు. ఆ ముక్కలో 17 ఇంకా ఖాళీయే! మంచిర్యాల ప్రయాణికుడి చేతిలో టికెట్టు ఉంది, లెక్కలో అతని బెర్తు లేదు. మూడోవాడు వస్తే దాన్ని అతనికీ ఇస్తారు. మూలప్రోగ్రాములో ఒక్క అక్షరం మారలేదు, ఎవరి లెక్కా తప్పలేదు. 'ఫలితం అదే' అన్న కంపైలరు షరతు కూడా, ఒక్కడే గుమాస్తా ఉన్నంతవరకు, నిజమే.

రైల్వేలో ఇలా జరిగిందని నేను చెప్పడం లేదు. ఇలా జరగవచ్చునని ఊహించి, వ్యాక్స్ నుంచి ఆల్ఫాకు మారేవారి కోసం డిజిటల్ సంస్థ పుస్తకాలే అచ్చువేసింది. కంపైలరుకు 'గ్రాన్యులారిటీ' అనే మీట ఒకటి పెట్టింది. దాన్ని బైటు దగ్గర ఉంచితే కంపైలరు ప్రతి చిన్న రాతకూ తాళం వేసి తీసే ఆదేశాల వరుస పుట్టిస్తుంది. క్షేమం, కానీ నెమ్మది. ఎనిమిది బైట్ల దగ్గర ఉంచితే వేగం, కానీ తాళం సంగతి ప్రోగ్రామరే చూసుకోవాలి. ఒక బెర్తుకు తాళం వేస్తే సరిపోదు, పక్కనున్న ఏడింటికీ కలిపి వేయాలి. ఈ మీటను ఎక్కడ ఉంచాలన్న నిర్ణయం నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలోకెల్లా ముఖ్యమైనది. వేగాన్ని గురించి రాసిన పట్టికల్లో ఇది ఎక్కడా కనబడదు. 1996లో వచ్చిన ఆల్ఫా 21164ఎ నుంచి బైటు ఆదేశాలను తిరిగి చేర్చారు. తీసివేసినవారే తిరిగి చేర్చారంటే ఆ లోటు ఎంత బాధించిందో ఊహించవచ్చు.

ఇటువంటిదే మరొకటి. వ్యాక్స్‌లో ఒక ప్రాసెసరు ముందు రాసినది ఇతరులకూ ముందే కనబడుతుంది. ఆల్ఫాలో ఆ హామీ లేదు. 'వివరాలు రాశాను, ఇక చూసుకోవచ్చు' అన్న జెండా ముందు కనబడి, వివరాలు తరువాత కనబడవచ్చు. పంచుకొన్న చరరాశులను 'వోలటైల్' అని ప్రకటించి, అవసరమైన చోట అడ్డుకట్ట ఆదేశం పెట్టాలి. వ్యాక్స్ కాలంలో ఆ ప్రకటన లేకుండానే పదేళ్ళు సజావుగా నడిచిన ప్రోగ్రాములు ఎన్నో.

మూలప్రోగ్రాము పోయి యంత్రభాష మాత్రమే మిగిలినవారికి కూడా దారి చూపారు. 'వెస్ట్' అనే అనువాదకం వ్యాక్స్ యంత్రభాషను చదివి ఆల్ఫా యంత్రభాషగా మార్చేది. వ్యాక్స్ అసెంబ్లీ భాషనేమో ఒక పైస్థాయి భాషలాగా భావించి దానికీ ఒక కంపైలరు రాశారు, వీ.ఎం.ఎస్.లో చాలా భాగం ఆ విధంగానే ఆల్ఫా మీదికి చేరింది. ఇది నాకు మిక్కిలి ముచ్చట గొలిపే సంగతి. నిన్నటి యంత్రభాష నేటి మూలభాష అయింది.

మూడో మజిలీ ఇటానియం. డిజిటల్‌ను 1998లో కాంపాక్ కొన్నది. 2001లో ఆల్ఫాకు స్వస్తి చెప్పి ఇటానియంకు మారతామని ప్రకటించింది. మరుసటి ఏడే కాంపాక్ హెచ్.పి.లో కలిసిపోయింది. ఇటానియం మీద నడిచే వీ.ఎం.ఎస్. 2005లో వెలువడింది; మన రిజర్వేషను కూడా కాలక్రమాన ఆ యంత్రాల మీదికే చేరింది. కంపైలరే సర్వం చూసుకొంటుందన్న సిద్ధాంతానికి ఇది పరాకాష్ఠ. దీని వెనుకనున్న మేధావులలో ఒకరు మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన బి. రామకృష్ణ రావ్. 1980లలో సైడ్రోమ్ అనే చిన్న సంస్థలోనూ, ఆ తరువాత హెచ్.పి. పరిశోధనశాలలోనూ ఆవృత్తులను ఒకదానిపై ఒకటి పేర్చి నడిపే పద్ధతిని అభివృద్ధి చేశారు. 2002లో కన్నుమూశారు.

ఇటానియంలో 41 బిట్ల ఆదేశాలు మూడు, అయిదు బిట్ల సూచన ఒకటి కలిసి 128 బిట్ల మూట. మూటలో ఏవేవి కలిసి నడవవచ్చో కంపైలరే రాసి ఇవ్వాలి. ఏమీ దొరక్కపోతే 'ఏమీ చేయకు' అన్న ఆదేశంతో ఖాళీ పూరించాలి. అవే మళ్ళీ మన ఖాళీ టబ్బులు. షరతు వచ్చినచోట రెండు దారులూ నడిపించి, చివరికి ఒకదాన్ని రద్దు చేయవచ్చు. ముసలివారైతే కింది బెర్తు, కాకపోతే ఏదో ఒకటి అన్న షరతులో రెండూ లెక్కకట్టి ఒకటి వదిలేయడమన్నమాట.

వరుసగా అంకెలు దంచే శాస్త్రీయ గణనలో ఇది అద్భుతంగా పనిచేసింది. రిజర్వేషను వంటి పనిలో కంపైలరు ముందే తెలుసుకోవడానికి ఏముంది? తరువాతి మనిషి ఏ బండి అడుగుతాడో, ఆ వివరం ప్రాసెసరుకు దగ్గరలో ఉందో దూరంలో ఉందో నడిచేటప్పుడు తప్ప తెలియదు. దగ్గరుంటే రెండుమూడు అడుగులు, దూరమైతే వందల అడుగులు. కంపైలరు ఏదో ఒకటి అనుకొని వరుస సర్దాలి. అనుకొన్నది తప్పితే మూట మొత్తం ఆగుతుంది. ఇదే కాలంలో ఇంటెల్ సొంత పెంటియం ప్రో, ఆల్ఫాలోనే 21264, నడిచేటప్పుడు సిద్ధమైన ఆదేశాన్ని ముందుకు లాక్కునే పద్ధతి పట్టాయి. ఇటానియం కోరుకొన్న కంపైలర్లు రాయడం దాదాపు అసాధ్యమని తేలిపోయిందని డొనాల్డ్ నూత్ 2008లో ఒక ముఖాముఖిలో అన్నారు. రామకృష్ణ రావ్ గారి ఆలోచనలు మాత్రం వృథా పోలేదు. ఆవృత్తులను పేర్చే ఆయన పద్ధతి సంకేతాలను సంస్కరించే చిన్న ప్రాసెసర్ల కంపైలర్లలో నిలిచింది.

పాత ఫోర్‌ట్రాన్‌కు ఇటానియంలో మరో ఇబ్బంది. వ్యాక్స్ కాలంలో చోటు ఆదా కోసం వయసుకు ఒక బైటు, వెంటనే నాలుగు బైట్ల సంఖ్య అన్నట్టు వివరాలను ఇరికించి పెట్టేవారు. వ్యాక్స్ పట్టించుకొనేది కాదు. ఆల్ఫా కొంచెం సణిగి సర్దుకొనేది. ఇటానియంలో అటువంటి ప్రతి సంఖ్యకూ ఆపరేటింగ్ సిస్టం దిగివచ్చి చక్కదిద్దాలి. ఆ ఆలస్యం ఎంతో ఎక్కువ. వ్యాక్స్ పద్ధతి దశాంశసంఖ్యలు ఇటానియంకు అసలే తెలియవు, మార్చి మార్చి వాడాలి.

చివరి ఇటానియం చిప్పు 2017లో వచ్చింది. 2021 జులైతో సరఫరా ఆగింది. అప్పటికే వీ.ఎం.ఎస్.ను వేరొక చిన్న సంస్థ చేపట్టి, మన బల్లల మీదుండే ఎక్స్86 జాతికి మార్చే పనిలో ఉంది. 2022లో ఆ రూపం వెలువడింది. ఈసారి జెమ్‌ను కొత్త యంత్రానికి మళ్ళించలేదు. దాని ముందుభాగాలను అలాగే ఉంచి, అవి పుట్టించే మధ్యభాషను ఎల్.ఎల్.వి.ఎం. మధ్యభాషగా మార్చే చిన్న అనువాదకం రాశారు. ఎల్.ఎల్.వి.ఎం. అంటే ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రం అడ్వే 2000 ప్రాంతంలో మొదలుపెట్టిన కంపైలరు చట్రం. యంత్రానికి తగ్గ మెరుగులన్నీ ఇక దానివంతు. అదే మధ్యభాషలోని ప్రోగ్రాములను అంకెల వరుసలుగా మార్చి, ఏ మెరుగు ఎక్కడ పనికివస్తుందో యంత్రం చేతనే నేర్పించే 'ఐఆర్2వెక్' అనే పనిని 2020లో ప్రచురించిన బృందం మన హైదరాబాదు ఐ.ఐ.టి.ది. కంది గ్రామంలోని ఆ ప్రాంగణం సికింద్రాబాదు స్టేషనుకు నలభై మైళ్ళ లోపే. ఇక ఎక్స్86 విషయం: బైటు ఆదేశాలు దానికి మొదటినుంచీ ఉన్నాయి, ముందు రాసినది ముందే కనబడుతుంది. ఆ రెండు విషయాలలోనూ అది ఆల్ఫాకన్నా వ్యాక్స్‌కే దగ్గర.